వేగుచుక్క, సందెచుక్క: ఉభయ సంధ్యల్లో కనిపించే గ్రహాల గురించి అపోహలు – వాస్తవాలు

సెలవురోజుల్లో తెల్లవారుజామున చెన్నై బెసంట్ నగర్ సముద్రతీరంలోనూ, సాయంత్రాలు మా మేడమీదా చిన్న టెలిస్కోపు పెట్టి గ్రహాలు చూపించడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఈ ఊరికి సముద్రం తూర్పున ఉంది కనుక ఉదయపు గ్రహాలకు అడ్డులేని దిగంతం దొరుకుతుంది గాని, సాయంత్రపు గ్రహాలను అపార్ట్‌మెంట్ల సందుల్లో వెతుక్కోవలసిందే. చూడవచ్చే తెలుగువారు తరచుగా చెప్పే కొన్ని మాటలకు నేనిచ్చే సమాధానాలివి.

అపోహ: తెల్లవారుజామున తూర్పున పొడిచే వేగుచుక్క వేరు, సందెవేళ పడమట వెలిగే చుక్క వేరు.

రెండూ శుక్రుడే. భూమికంటె సూర్యునికి దగ్గరగా తిరిగే గ్రహం కావడం వల్ల శుక్రుడు మన కంటికి సూర్యుని నుండి సుమారు 47 డిగ్రీలకు మించి ఎడంగా కనిపించడు. చాచిన చేతి పిడికిలి ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు కప్పుతుంది కనుక, ఆ ఎడం అయిదు పిడికిళ్లకు లోపే. అందుచేతనే పొద్దు గుంకిన తరువాతనో, పొద్దు పొడవకముందో సుమారు మూడు గంటలపాటు కనిపించడమే తప్ప, మన ఊళ్లలో నడిరేయి నడినెత్తిన శుక్రుడు ఉండడు. 584 రోజుల ఆవృత్తిలో ఎనిమిదిన్నర నెలలు సందెచుక్కగా ఉండి, కొద్దిరోజులు మాయమై, మళ్లీ అంతకాలమూ వేగుచుక్కగా ఉండి, ఆ పైన సుమారు 50 రోజులు కనుమరుగవుతాడు.

అపోహ: మూఢమి రోజుల్లో శుక్రుడు, గురుడు తేజస్సు కోల్పోతారు.

పెళ్లి ముహూర్తాల సంగతి పురోహితులు చూసుకుంటారు, అందులో నేను తలదూర్చను. అయితే మౌఢ్యమనే మాట వెనుక ఉన్నది అచ్చమైన పరిశీలన. గ్రహం సూర్యుని దిశకు చేరువైనప్పుడు సంధ్యాకాంతిలో కలిసిపోయి కంటికి ఆనదు. తగ్గేది గ్రహపు వెలుగు కాదు, పెరిగేది దాని వెనుక ఉన్న ఆకాశపు వెలుగు. సూర్యుని ఆవలి వైపున దాగి ఉన్న రోజుల్లో సైతం శుక్రుడు గురునికంటె ప్రకాశవంతంగానే ఉంటాడు. ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం ఈ మౌఢ్యానికి పెట్టిన హద్దులు చూడండి: సూర్యుని నుండి కుజునికి 17 అంశలు (డిగ్రీలు), శనికి 15, గురునికి 11, శుక్రునికి గమనాన్ని బట్టి 10 లేదా 8. ఎక్కువ ప్రకాశం గల గ్రహం సూర్యునికి మరింత దగ్గరయ్యేదాకా కనిపిస్తూనే ఉంటుందని ఈ అంకెలే చెబుతున్నాయి. కళ్లతో చూడకుండా ఇలాంటి హద్దులు రాయలేరని నా నమ్మకం.

శుక్రమూఢమి ఒకసారి రెండు నెలలకు చేరువగా సాగి, మరొకసారి పదిరోజుల్లోపే ఎందుకు ముగుస్తుందని ఒక పెద్దాయన పంచాంగం చేతబట్టుకుని వచ్చి అడిగారు. సూర్యుని ఆవలి వైపున ఉన్న శుక్రుడు మనకు నిదానంగా జరుగుతున్నట్టు కనిపిస్తాడు. ఈవలి వైపుకు వచ్చి మనను దాటిపోయేటప్పుడు చకచకా తప్పుకుంటాడు. ఆ పొట్టి మూఢమిలోనే ఎప్పుడో అరుదుగా శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగుతాడు. 1874 డిసెంబరులో అలా జరగబోతున్నప్పుడు మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆ సంగతి జనానికి తెలియజెప్పడానికి చిన్న పుస్తకం రాశారు. మొన్నటిది 2012 జూన్ 6న చూశాం, తరువాతిది 2117లో.

అపోహ: బాగా వెలుగుతున్నప్పుడు శుక్రబింబం నిండుగా ఉంటుంది.

ఒక అమావాస్య సాయంత్రం మా మేడమీద ఐపీస్‌లో కన్నుపెట్టిన పెద్దావిడ, "ఇది నెలవంక నాయనా, శుక్రుడంటావేమిటి?" అని తలెత్తి, లేని చంద్రుని కోసం ఆకాశమంతా వెతికారు. శుక్రునికీ చంద్రునిలాగే కళలున్నాయని గెలీలియో 1610లో టెలిస్కోపుతో చూసి తెలుసుకున్నాడు. నిండుగా ఉన్నప్పుడు శుక్రుడు దాదాపు 26 కోట్ల కిలోమీటర్ల దూరంలో చిన్న చుక్కగా ఉంటాడు. 4 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి బింబం ఆరింతలవుతుంది గాని, మనవైపు వెలిగే భాగం సన్నని వంపుగా మిగులుతుంది. ఈ రెండింటి బేరీజులో గరిష్ఠ ప్రకాశం వచ్చేది, బింబంలో సుమారు పావువంతు మాత్రమే వెలుగుతున్న రోజుల్లో.

అపోహ: మినుకుమంటే నక్షత్రం, కదలకుండా వెలిగితే గ్రహం.

సగమే నిజం. దిగంతానికి ఆనుకుని ఉన్నప్పుడు దట్టమైన గాలిపొరల గుండా వచ్చే శుక్రుని కాంతి ఎరుపు, పచ్చ మెరుపులతో వణుకుతుంది. మీనంబాక్కంలో దిగడానికి ఎదురుగా వచ్చే విమానపు దీపమేమో కొంతసేపు నిశ్చలంగా నిలబడినట్టు ఉంటుంది. వాటర్ ట్యాంకు అంచుకు ఆనించి పదినిమిషాలు చూడండి; విమానమైతే ఈలోగా తేలిపోతుంది, గ్రహమైతే రెండున్నర డిగ్రీలకు మించి జరగదు.

అపోహ: ఆగస్టు 27న కుజుడు చంద్రుడంత కనిపిస్తాడు.

2003లో ఆ రోజున కుజుడు 5.58 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చిన మాట వాస్తవం. అప్పుడు కూడా దాని బింబం చంద్రబింబపు వెడల్పులో డెబ్బయ్యో వంతే.

అపోహ: బుధుణ్ని మామూలు కంటితో చూడలేం.

సూర్యుని నుండి 28 డిగ్రీలకు మించి ఎడం కాడు గనుక కష్టమే, అసాధ్యం కాదు. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నందున గ్రహాలు నడిచే బాట ఇక్కడ దిగంతం నుండి నిటారుగా లేస్తుంది. ఐరోపావారికంటె మనకు బుధుడు సులువుగా చిక్కుతాడు. సూర్యోదయానికి ముప్పావుగంట ముందు, సముద్రం మీద మబ్బు లేనప్పుడు వెతకాలి. బైనాక్యులర్ వాడదలిస్తే ఒక నియమం తప్పదు: సూర్యోదయ సమయానికి పది నిమిషాల ముందుకు అలారం పెట్టుకుని, అది మోగగానే బుధుడు దొరికినా దొరకకపోయినా మూత పెట్టేయాలి, సాయంత్రమైతే సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా మూత తీయనే కూడదు.