వేగంగా పోయే రైలు పొట్టిగా కనిపిస్తుందా? దైర్ఘ్య సంకోచంపై అపోహలు - వాస్తవాలు

వేగంగా పోయే వస్తువును బయట నిలబడి కొలిస్తే, పోయే దిశలో దాని పొడవు తగ్గుతుంది. ఇదే దైర్ఘ్య సంకోచం. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో డిగ్రీ ఫిజిక్స్ చదివే పిల్లలు దీని సూత్రం తప్పు రాయరు. కొలిచిన పొడవు, కంటికి కనిపించే పొడవు ఒకటే అనుకుని దెబ్బతింటారు. అందుకే ఒక్క రైలును పట్టుకుని చూద్దాం. ఆగి ఉన్నప్పుడు పొడవు 500 మీటర్లు. కాంతివేగంలో 0.6 వంతు వేగంతో నల్లగొండ స్టేషన్ మీదుగా ఆగకుండా పోతోంది. లోరెంజ్ గుణకం, అంటే ఆ వేగానికి పొడవును ఎంతతో భాగించాలో చెప్పే సంఖ్య, 1.25. ప్లాట్‌ఫారం మీదివాళ్లు కొలిస్తే 400 మీటర్లు.

అపోహ: ఎదురుగా వస్తున్నప్పుడు కంటికి కూడా 400 మీటర్లే కనిపిస్తుంది.

వాస్తవం: ఏకంగా 1,000 మీటర్లు కనిపిస్తుంది! కంట్లో ఒకేసారి పడే వెలుగంతా ఒకేసారి బయల్దేరింది కాదు. చివరి పెట్టె నుంచి వచ్చే వెలుగు 400 మీటర్ల ముందున్న ఇంజన్‌ను అందుకోవాలి, ఇంజనేమో పరుగెడుతూనే ఉంది. వాటి మధ్య దూరం కాంతివేగంలో 0.4 వంతు చొప్పునే తగ్గుతుంది. 400ను 0.4తో భాగించండి: వెలుగు 1,000 మీటర్లు వచ్చాకే ఇంజన్ దొరుకుతుంది. అక్కడి నుంచి రెండు వెలుగులూ కలిసి వస్తాయి. రైలు స్టేషన్ దాటి దూరమవుతుంటే 1.6తో భాగించాలి, అప్పుడు 250 మీటర్లే. చూసేవాళ్లు పట్టాలకు ఆనుకుని ఉంటేనే ఈ లెక్క.

అపోహ: పక్క నుంచి చూస్తే నొక్కేసినట్టుంటుంది, బంతి కోడిగుడ్డులా కనిపిస్తుంది.

వాస్తవం: దూరంగా మన ముందు నుంచి పోయే ఘనం (పాచిక ఆకారపు దిమ్మ) పక్కకు తిరిగినట్టు కనిపిస్తుంది. మనవైపు ముఖం వెడల్పు 80 శాతానికి తగ్గుతుంది. దాంతోపాటు వెనక ముఖం కూడా 60 శాతం వెడల్పున కనబడుతుంది. ఆ ముఖం అవతలి అంచు నుంచి వెలుగు ముందే బయల్దేరుతుంది, అది వచ్చేసరికి ఘనం దారిలోంచి తప్పుకుంటుంది. ఆగి ఉన్న ఘనాన్ని 37 డిగ్రీలు తిప్పి ఫొటో తీసినా ఇంచుమించు ఇదే బొమ్మ. బంతి అంచు మాత్రం గుండ్రంగానే ఉంటుంది. 1959లో టెరెల్, పెన్‌రోజ్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా దీన్ని తేల్చారు. 2025లో వియన్నా శాస్త్రవేత్తలు లేజర్ పల్సులు, అతివేగ కెమెరాతో కాంతివేగం సెకనుకు 2 మీటర్లే అన్నట్టుగా ఫొటోలు కూర్చి చూపించారు. అయితే ఘనాన్ని, గోళాన్ని ముందే కుదించి తయారుచేసుకున్నారు. కాబట్టి ఆ ఫొటోలను సంకోచానికి రుజువుగా చూపకండి.

అపోహ: అయితే సంకోచమంతా కంటి మాయే.

వాస్తవం: వెలుగు ఆలస్యాన్ని తీసేశాక మిగిలేదే ఆ 400. ప్లాట్‌ఫారం కూడా 400 మీటర్లే అనుకోండి. మన గడియారాల ప్రకారం రైలు రెండు కొసలూ ప్లాట్‌ఫారం రెండు కొసలకు ఒకేసారి సరిపోతాయి. రైల్లోవాళ్లకు ప్లాట్‌ఫారం 320 మీటర్లే. ఇంజన్ అవతలి కొసకు చేరేటప్పటికి 180 మీటర్ల రైలు ఇంకా ఇవతలే ఉంటుంది. అది లోపలికి రావడానికి 1 మైక్రోసెకను. ఇద్దరిదీ సరైన లెక్కే. పరీక్షలో ముందు ఒకటి రాసుకోండి: రెండు కొసలనూ ఒకేసారి గుర్తించింది ఎవరు? ఇది వదిలేస్తే భాగించాల్సిన చోట గుణిస్తారు.

అపోహ: రైలు నలిగిపోతుంది.

వాస్తవం: ఒకే వేగంతో పోయే రైల్లో దీనివల్ల ఏ ఒత్తిడీ పుట్టదు. లోపల టేపు పెడితే 500 మీటర్లే.

అపోహ: మామూలు రైళ్లకు ఇది వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. అంతే పొడవున్న రైలు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోతే తగ్గేది 2.5 పికోమీటర్లు, పరమాణువు అడ్డంలో సుమారు నలభయ్యో వంతు.

అపోహ: ఎత్తు, వెడల్పు కూడా తగ్గుతాయి.

వాస్తవం: తగ్గవు. తగ్గితే మన లెక్కలో చక్రాలు దగ్గరికి జరిగి పట్టాల లోపల పడాలి, రైల్లోవాళ్ల లెక్కలో పట్టాలే దగ్గరికి జరిగి చక్రాలు బయట పడాలి. ఒకే బండి రెండు వైపులా పడలేదు కదా!