ఒకే ఇంట్లో ఇద్దరికి డెంగీ ఒకేలా ఎందుకు రాదు?

వానలు పడి నల్లగొండ పల్లెల్లో విషజ్వరాలు మొదలయ్యాక తరచూ వినిపించే ప్రశ్న ఇది: తమ్ముడు నాలుగు రోజుల్లో లేచి తిరిగాడు, అక్కను మాత్రం హైదరాబాదుకు ఎందుకు తరలించాల్సి వచ్చింది? కుట్టినవి ఇంటి ముందు సిమెంటు గోలెంలో పుట్టిన దోమలే. "దానిది మొదటి నుంచీ బలహీనమైన ఒళ్లు" అని పెద్దలు తేల్చేస్తారు. ఆ పిల్లకు అది అన్యాయం.

డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒకటి సోకి తగ్గాక మరో రకం సోకితే, పాత యాంటీబాడీలే వైరస్‌ను కణాల్లోకి చేరవేసి జబ్బును ముదరబెడతాయని థాయిలాండ్‌లో పనిచేసిన వైద్య పరిశోధకుడు స్కాట్ హాల్‌స్టెడ్ వాదించారు. నేటికీ బలమైన వివరణ అదే. కానీ రెండోసారి సోకినవారిలోనూ ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు. 1981లో క్యూబాను డెంగీ కుదిపేసినప్పుడు నల్లజాతీయుల్లో తీవ్ర రోగం తక్కువగా కనిపించింది. జన్యువుల మీద అనుమానం బలపడింది.

2005లో థాయి రోగులపై జరిగిన అధ్యయనంలో సీడీ209 జన్యువు బయటపడింది. చర్మంలో కాపలా కాసే డెండ్రైటిక్ కణాల మీద అది తయారుచేయించే ప్రొటీన్‌నే పట్టుకుని వైరస్ లోపలికి దూరుతుంది. ఆ జన్యువును నడిపించే భాగంలో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారినవారికి మామూలు డెంగీ జ్వరం ముప్పు తగ్గింది. రక్తస్రావ డెంగీ నుంచి మాత్రం రక్షణ దొరకలేదు. 2011లో వియత్నాంలో డెంగీ షాక్‌కు (రక్తనాళాల నుంచి ద్రవం కారి రక్తపోటు పడిపోయే ప్రమాద స్థితికి) గురైన రెండు వేలమందికి పైగా పిల్లల జన్యువులను పరిశీలిస్తే ఎంఐసీబీ, పీఎల్‌సీఈ1 అనే రెండు జన్యువులకు జబ్బుతో సంబంధం ఉన్నట్టు తేలింది. మొదటిది వైరస్ సోకిన కణాలను చంపే రక్షక కణాలను పిలిచే జన్యువు. ఏ ఒక్క తేడా వల్లా ముప్పు భారీగా పెరగదు.

ఈ ఫలితాలను మన జిల్లాలకు నేరుగా అతికించలేం. తరతరాలుగా తమ సమూహం లోపలే చేసుకున్న పెళ్లిళ్ల వల్ల భారతీయ సమూహాల జన్యువులు వేరువేరుగా నిలిచాయని 2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పాల్గొన్న పరిశోధన చూపింది. అలాగని "ఫలానా కులానికి డెంగీ రాదు" అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ రోగుల జన్యువులనూ విస్తృతంగా పరిశీలించాలి.

ఎవరు షాక్‌లోకి వెళతారో ముందే చెప్పే జన్యుపరీక్ష ఆసుపత్రుల్లో వాడుకలోకి రాలేదు. అందుకే జ్వరం దిగాక ఒకటి రెండు రోజులు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత కనిపిస్తున్నాయేమో వైద్యులు గమనిస్తారు.