హంద్రీ మురుగు ఎవరి లెక్కలోకి వస్తుంది?

కర్నూలుకు కొత్త మేయర్ అనగానే, ఊళ్లోంచి పారే హంద్రీ నది ప్రక్షాళన మాట మళ్లీ లేస్తుంది. తొలి నెలల్లో కనిపించే పని కూడా ఇంచుమించు ఒకటే. జేసీబీలు దిగి జమ్ము, ముళ్లకంప పీకుతాయి. ఒడ్డున పోసిన మట్టికుప్పలు, చికెన్ వ్యర్థాలు ట్రాక్టర్లలో తరలిపోతాయి. ఏటి పక్కన బతికేవాళ్లకు అది చిన్న మేలేమీ కాదు, దోమల బాధ కొన్నాళ్లు తగ్గుతుంది. దాన్ని పురోగతి అనొచ్చా అన్న దగ్గరే గొడవ. ఆ గొడవ అర్థం కావాలంటే నది పుట్టుక నుంచి చెప్పుకోనక్కర్లేదు. 2009 అక్టోబర్‌లో ఊరిని ముంచిన వరద నుంచి చూస్తే చాలు.

ఆ వరదకు అధికారులు చెప్పిన కారణం శ్రీశైలం. జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచాయి. అందులో అబద్ధం లేదు. కానీ నీళ్లు తీశాక ఇళ్లలోని బురదను పారలతో ఎత్తిపోసుకున్న జోహరాపురం, బుధవారపేట జనం ఇంకో మాట అన్నారు, ఇప్పటికీ అంటున్నారు: ఏరు ఇరుకైపోయింది, దాన్ని ఇరుకు చేసింది ఊరే. ఒడ్డు వెంట నడిచి చూసినవాళ్లెవరూ ఈ మాటను కొట్టిపారేయలేరు.

అక్కడే కథ మలుపు తిరిగింది. వరద తర్వాత హంద్రీ అంటే రక్షణ గోడ, ఆక్రమణలు, వంతెనలు. అంతా వరద ఫైలే అయింది, మురుగు సంగతి పక్కకు పోయింది. ఆ మరుసటి ఏడాదే పాలకవర్గం గడువు తీరింది. 2014లో చాలా నగరాలకు ఎన్నికలు జరిగినా కర్నూలుకు జరగలేదు. 2021 మార్చి దాకా మేయర్ లేడు, నిలదీసి అడగడానికి వార్డుకో కార్పొరేటర్ లేడు. పదేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. ఊరు మాత్రం ఆగలేదు. కొత్త కాలనీలు వచ్చాయి, వాటి కాల్వలు పల్లం చూసుకుని ఏట్లోకే దిగాయి.

ఆ మురుగెంతో లెక్కేస్తే భయమేస్తుంది. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 4.3 లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అన్న ప్రామాణిక లెక్క వేసినా రోజుకు 4.6 కోట్ల లీటర్లు దాటుతుంది. పైన గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది కాబట్టి వానల్లేని రోజుల్లో ఈ మురుగును పల్చన చేసే నీళ్లు ఏట్లో ఉండవు. ఎండాకాలంలో పారేదంతా మన ఇళ్ల నీళ్లే. అవే తుంగభద్రలో కలుస్తాయి, అక్కణ్నుంచి శ్రీశైలానికి పోతాయి. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కలుషిత నదుల జాబితాలో తుంగభద్ర కూడా ఉంది.

నది గర్భం జలవనరుల శాఖది, ఆక్రమణలు రెవెన్యూ వాళ్లు చూడాలి, కార్యనిర్వాహక అధికారాలు కమిషనర్‌వి అని కార్పొరేషన్ వైపు నుంచి వినిపిస్తుంది. నిజమే. కానీ కాల్వలు పూర్తిగా కార్పొరేషన్‌వే కదా. కేంద్రం పట్టణాలకిచ్చే అమృత్ లాంటి పథకాల్లో మురుగుశుద్ధి కేంద్రం కట్టినంత మాత్రాన పని అయిపోదు. కాల్వ ఏట్లో పడకముందే అడ్డుకట్ట వేసి, పైపుల్లో మళ్లించి, పంపులతో కేంద్రానికి చేర్చాలి. ఆ పంపులకు ప్రతి నెలా కరెంటు బిల్లు కట్టాలి. ఇదేదీ ఫొటోలో పడదు, శంకుస్థాపనకూ పనికిరాదు.

అందుకే తీసిన పూడిక టన్నుల లెక్క నాకు సరిపోదు. హంద్రీలోకి తెరుచుకున్న కాల్వలు ఎన్ని, వాటిలో ఎన్నిటిని మళ్లించారు, పంపుల నిర్వహణకు ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత పెట్టారు? ఈ మూడింటికీ కౌన్సిల్ సమావేశంలో మేయర్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. వార్డుల వారీ జాబితా కార్పొరేటర్ల చేతికి రావాలి.