వలలో పడ్డ లాబ్‌స్టర్‌ని అమ్మొచ్చా?

కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేసి అడిగాడు. "సార్, మేం వేసేది చేపల వల. అప్పుడప్పుడూ అందులో ఒకటో రెండో లాబ్‌స్టర్లు పడతాయి. మేం దాని కోసం పోలా. పడినదాన్ని అమ్ముకుంటే తప్పేంది?"

న్యాయమైన ప్రశ్న. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం దీనికి ఏళ్ళ కిందటే జవాబు ఇచ్చుకుంది. అక్కడ లాబ్‌స్టర్‌ని బోనుతోనే పట్టాలి. చేపల కోసం లాగే ట్రాలు వలలో పడితే, ఆ రాష్ట్రపు రేవులో దించడానికే వీల్లేదు. పక్కనున్న మసాచుసెట్స్ మాత్రం ట్రాలు పడవల్ని రోజుకి 100, ఒక వేటకి ఎంత ఎక్కువైనా 500 దించుకోనిస్తుంది. దాంతో మెయిన్ పడవలు కొన్ని సొంత రేవు వదిలి పక్క రాష్ట్రానికి పోయి దించుతున్నాయి. ఈ నిషేధం సడలించమని మెయిన్ శాసనసభకు బిల్లులు వచ్చాయి, నెగ్గలేదు. బోనులు వేసేవాళ్ళ వాదన ఒక్కటే: ధర పలకడం మొదలైతే, ఇవాళ పొరపాటున పడ్డది రేపు కావాలని పడుతుంది.

అయితే నన్ను పట్టుకున్నది ఈ వాదన కాదు. "అమ్మొద్దు, నీళ్ళలో వదిలెయ్యి" అన్న రూలు చేపకి పెడితే చాలాసార్లు ఫలితం ఉండదు. లాబ్‌స్టర్‌కి పెడితే ఉంటుంది. ఎందుకో చెప్పకుండా ఉండలేను.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 40 మీటర్ల దగ్గర పైనున్న గాలి బరువుతో కలిపి అయిదు. చాలా చేపలకి పొట్టలో గాలితిత్తి ఉంటుంది, తేలడానికి. అలాంటి చేపని 40 మీటర్ల నుంచి గబగబా పైకి లాగితే, పీడనం అయిదో వంతుకి పడిపోతుంది, తిత్తిలోని గాలి అయిదింతలు కావాలని చూస్తుంది. తిత్తి పగులుతుంది, జీర్ణాశయం నోట్లోకి తోసుకొస్తుంది, కళ్ళు ఉబ్బుతాయి. దాన్ని తిరిగి నీళ్ళలో వేసినా అది వెల్లకిలా తేలుతుంది, పక్షులకి మేత అవుతుంది. లాబ్‌స్టర్ ఒంట్లో గాలితిత్తి లేదు. ఒళ్ళంతా నీరూ కండా పెంకూ. పీడనం తగ్గినా పొంగడానికి లోపల ఏమీ లేదు.

రెండోది ఊపిరి. చేప మొప్పలు నీళ్ళలో పుస్తకం పేజీల్లా విచ్చుకుని ఉంటాయి, బయటికి తీస్తే ఒకదానికొకటి అంటుకుపోతాయి. లాబ్‌స్టర్ మొప్పలు వీపు పెంకు కింద, రెండు పక్కలా గదుల్లో దాగి ఉంటాయి. ఆ గదిలో తడి నిలిచినంతసేపూ ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. చల్లగా, తడిగా ఉంచితే ఒక రోజు పైన కూడా బతుకుతుంది. ప్రాణంతో ఉన్న లాబ్‌స్టర్లు విమానాల్లో దేశాలు దాటుతున్నది ఈ గది చలవే.

మూడోది రక్తం. దాని రక్తంలో మనలా ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్ ఆక్సిజన్ మోస్తుంది. గాలి తగిలితే నీలంగా మారుతుంది. వలలో కాలు చిక్కుకుంటే ఆ కాలిని అది మొదలు దగ్గర తానే తెంచుకుంటుంది. సరిగ్గా అక్కడ తెగడానికి గీత గీసినట్టు ఒక చోటుంది. తెగిన వెంటనే లోపలి పొర మూసుకుని రక్తం ఆగుతుంది. తర్వాత కుబుసం విడిచినప్పుడు చిన్న కాలు మొలుస్తుంది.

ఇదంతా మా పాఠకుడికి కొత్త కాదు. ప్రాణంతో ఉంటేనే ధర అని తెలుసు కాబట్టే లాబ్‌స్టర్‌ని తడి గోనెసంచిలో చుట్టి నీడలో పెడతాడు. ఒడ్డుకి ప్రాణంతో చేరగలిగింది, నీళ్ళలోకీ ప్రాణంతో చేరగలదు. దానికి ధర తెచ్చే గుణమే దాన్ని వెనక్కి పంపే అవకాశమూ ఇస్తోంది.

ఒక్క సందర్భంలో ఈ లెక్క తప్పుతుంది. కుబుసం విడిచిన కొత్తలో పెంకు మెత్తగా ఉంటుంది. ట్రాలు సంచిలో క్వింటాళ్ళ కొద్దీ చేప మీద పడితే నలిగి చస్తుంది. మన పల్లెల్లో పౌర్ణమికి ఎండ్రకాయలో కండ ఉండదు, అమావాస్యకి నిండుగా ఉంటుంది అంటారు. వెన్నెల కండని తినదు. కుబుసం విడిచిన ఎండ్రకాయ ఒళ్ళు పెంచుకోవడానికి నీళ్ళు పీలుస్తుంది, అందుకే విప్పితే డొల్లగా కనిపిస్తుంది. లాబ్‌స్టర్‌దీ అదే కథ.

ఇక గుడ్ల సంగతి. డిగ్రీ జువాలజీలో రొయ్యకి 19 జతల ఉపాంగాలని (కాళ్ళు, మీసాల్లాంటివి) బొమ్మలు గీయిస్తాం, ఒక్కో జతకీ మార్కులు వేస్తాం. వాటిలో తోక కిందుండే ఈతకాళ్ళకి గుడ్లు అంటించుకుని మోసే తల్లిని మాత్రం పిల్లలకి చూపించం. ఇది మా పాఠాల లోపం, నాకు బాధగానే ఉంటుంది. మన తీరంలో దొరికే లాబ్‌స్టర్, అంటే రాతి రొయ్య, తోక కింద ఒకసారికి లక్ష నుంచి కొన్ని లక్షల గుడ్లు మోస్తుంది. మెయిన్ లాబ్‌స్టర్ చల్లటి నీళ్ళలో తొమ్మిది నెలలకు పైగా మోస్తే, మన వెచ్చటి నీళ్ళలో సుమారు నెలలో పిల్లలు బయటికొస్తాయి. గుడ్లున్న తల్లిని ఇవాళ వదిలితే నెల తిరక్కుండా ఆ లక్షలు సముద్రంలో ఉంటాయి. గుడ్లున్నది తింటే బలమని కొందరు ఏరి మరీ కొంటారు. ఆ బలానికి ఏ ఆధారమూ లేదు.

ఇసుకలో చదునుగా పడుకుని ఉండే సాండ్ లాబ్‌స్టర్ ఇంకా నాజూకు. దాని గుడ్లు వేలల్లోనే. దాన్ని పట్టడానికని ఎవరూ వేరే వల వెయ్యరు, ట్రాలులో పడుతుంది. ముంబయి తీరంలో అలా పడుతూ పడుతూ 1994 నాటికి దాదాపు కనబడకుండా పోయింది. ఎవరూ వేటాడని జీవం పొరపాటున పడే వలలోనే అయిపోయింది. నెల్లూరు, ప్రకాశం తీరం అడుగు ఎక్కువగా ఇసుకా బురదా. అంటే ఆ జాతికి ఇష్టమైన చోటు. నా భయం అక్కడే.

మన దేశంలో 2003లో కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతికి కనీస బరువులు పెట్టింది. రాతి రొయ్యల్లో హోమారస్ రకం 200 గ్రాములు, బురదలో తిరిగే పాలీఫేగస్ 300, రంగురంగుల ఆర్నేటస్ 500, సాండ్ లాబ్‌స్టర్ 150. ఒక్కసారైనా గుడ్లు పెట్టే ఈడు రావాలన్నది దీని వెనక లెక్క. కానీ ఇవి ఎగుమతికే. లోకల్ హోటల్‌కి పోయే 120 గ్రాముల పిల్లని ఈ నోటిఫికేషన్ ఆపదు. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకూ చేపల వేట రాష్ట్రం చేతిలోది, దానికి 1994 నాటి చట్టం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది. మిగతా పది నెలల్లో వలలో పడ్డ తల్లి సంగతేంటి?

మెయిన్ లాగా పూర్తిగా నిషేధించమని నేను అనను. ఫైబర్ బోటు మీద నలుగురు పోయి డీజిలు ఖర్చుకే చాలని రోజున, పడ్డ ఒక్క లాబ్‌స్టర్‌నీ పారెయ్యమనడం అన్యాయం. కానీ రెండు మాత్రం కొనకూడదు: గుడ్లున్నది, బరువు చాలనిది. రూలు వల దగ్గర కాదు, కాటా దగ్గర పెట్టాలి. సముద్రం మీద ఎవరు చూస్తారు? రేవులో కొనే చెయ్యి మాత్రం కనిపిస్తుంది. కొనేవాడు ఒప్పుకోకపోతే పడవలోవాడు దాన్ని గోనెలో చుట్టడు. గుడ్లు బ్రష్‌తో గీకి అమ్మజూపేవాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు. గీకినా ఈతకాళ్ళ వెంట్రుకలకి గుడ్ల కాడలు అంటుకుని ఉంటాయి, భూతద్దంతో చూస్తే తెలుస్తుంది.

పాఠకుడు ఇంకొకటి అడిగాడు. "నేను వదిలితే పక్క బోటువాళ్ళు పట్టుకోరా సార్?" మెయిన్‌లో దీనికి ఒక ఉపాయం ఉంది. గుడ్లున్న తల్లి తోక రెక్కకి వి ఆకారంలో చిన్న గాటు పెట్టి వదులుతారు. తర్వాత ఎవరికి దొరికినా, గుడ్లు లేకపోయినా, దాన్ని అమ్మకూడదు. అక్కడ పెద్ద లాబ్‌స్టర్ ఏడాదికో రెండేళ్ళకో కుబుసం విడుస్తుంది కాబట్టి గాటు ఏళ్ళ తరబడి కనిపిస్తుంది. మన నీళ్ళలో పెరుగుదల వేగం, కుబుసం తరచుగా విడుస్తుంది, ప్రతిసారీ గాటు పూడుకుంటూ వస్తుంది. కొత్తపట్నంలో పెట్టిన గాటు ఆ తల్లిని ఒకటి రెండు కాన్పుల దాకా కాయగలదు, అంతే. ఆ తర్వాత దాన్ని కాయాల్సింది మళ్ళీ రేవులోని కాటాయే.