పట్టిక వదిలేయకండి: చదివి రికార్డు చేసేవారి అపోహలు - వాస్తవాలు

డీఎస్సీ, గ్రూప్-2 నోటిఫికేషన్ పడిందంటే మాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. చూపు లేని అభ్యర్థులు ఫలానా పుస్తకం ఆడియో ఉందా అని అడుగుతారు. వాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసి పెడతామని వాలంటీర్లు చేస్తారు. ఈ రెండోవాళ్ల సందేహాలు ఏళ్ల తరబడి అవే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పట్టికలు, పటాలు చదివినా వాళ్లకు అర్థం కావు. వదిలేస్తే పోలా?

పోదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. పోటీ పరీక్షల్లో బిట్లు ఎక్కడి నుంచి వస్తాయో ప్రిపేరయ్యే వాళ్లందరికీ తెలుసు. పట్టికల్లోంచి వస్తాయి, పటం కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యంలోంచి వస్తాయి. మనం వదిలేసింది సరిగ్గా అదే.

డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయి ఒకసారి నాకు ఒక ఫైలు వినిపించింది. సోషల్ పుస్తకం, నదుల పాఠం. చదివినాయన ఉచ్చారణ ఎంతో స్పష్టంగా ఉంది. పట్టిక రాగానే "ఇక్కడ ఒక పట్టిక ఇచ్చారు, ఒకసారి చూసుకోండి" అని తర్వాతి పేరాలోకి వెళ్లిపోయాడు. "ఎవరిని చూసి పెట్టమనాలి మేడం? మా అమ్మకు చదువు రాదు" అంది. కోపంగా కూడా అనలేదు. పక్కింటి ఇంటర్ పిల్లాడు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆ ఒక్క పట్టిక కోసం కాచుకుని కూర్చుందట.

"పుట్టుకతో చూపు లేనివాళ్లకు మ్యాప్ ఏం తెలుస్తుందండీ" అంటారు కొందరు. నది ఎక్కడ పుట్టి, ఏయే రాష్ట్రాల మీదుగా, ఏ దిక్కుకు పారుతుందో మాటల్లో చెప్తే ఎవరికైనా తెలుస్తుంది. ఏది అర్థమవుతుందో, ఏది అక్కర్లేదో వినేవాళ్లు తేల్చుకుంటారు. ఆ నిర్ణయం మనం తీసుకోకూడదు.

మరి ఎలా చదవాలి? ముందు "పట్టిక మొదలు" అనండి. శీర్షిక చదవండి. నిలువు వరుసలు ఎన్ని, వాటి పేర్లేమిటి, అడ్డు వరుసలు ఎన్ని, అదీ చెప్పండి. ఆ తర్వాత ఒక్కో అడ్డు వరుసనూ నిలువు వరుసల పేర్లతో కలిపి చదవండి. "నది: గోదావరి. పుట్టిన చోటు: త్ర్యంబకేశ్వర్. పొడవు: 1,465 కిలోమీటర్లు. నది: కృష్ణ. పుట్టిన చోటు: మహాబలేశ్వర్. పొడవు: 1,400 కిలోమీటర్లు." చివర "పట్టిక అయిపోయింది" అనండి. అంతే. అలా కాకుండా నిలువుగా నదుల పేర్లన్నీ, తర్వాత ఊళ్లన్నీ, తర్వాత అంకెలన్నీ చదువుకుంటూ పోతే, ఏ అంకె ఏ నదిదో వినేవాళ్లకు ఎలా గుర్తుంటుంది?

బొమ్మకైతే పాఠానికి కావాల్సింది చెప్పండి. గుండె బొమ్మ ఉందనుకోండి. భాగాల పేర్లు, ఏది పైన ఏది కింద, రక్తం ఎటు నుంచి ఎటు వెళ్తుంది. అక్కడ ఒక జాగ్రత్త: బొమ్మలో మనకు ఎడమవైపు కనిపించేది గుండె కుడి భాగం. అందుకని ఎడమ అన్నప్పుడల్లా బొమ్మకు ఎడమా, శరీరానికి ఎడమా అన్నది విడమరిచి చెప్పాలి. పేజీ మారినప్పుడల్లా పేజీ నంబరు కూడా. క్లాసులో మాస్టారు "47వ పేజీ తీయండి" అంటే వీళ్లూ తీయాలి కదా.

అపోహ: కాపీరైట్ కేసు పెడతారు.

రిటైరైన ఒక మాస్టారు సగం పుస్తకం చదివాక, ఎవరో ఇలా అన్నారని భయపడి ఆపేశారు. ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది, ఈ వయసులో కోర్టుల గొడవ ఎవరికి కావాలి? కానీ ఆ మాట అన్నవాళ్లు చట్టం ఒక్కసారి చదివి ఉంటే బాగుండేది. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌లో 2012 సవరణతో దీనికి స్పష్టమైన మినహాయింపు వచ్చింది. వైకల్యం వల్ల మామూలు పుస్తకం చదవలేనివారి కోసం, లాభాపేక్ష లేకుండా, వాళ్లు వాడుకోగలిగే రూపంలోకి మార్చి ఇవ్వచ్చు. ఇదే పని కోసం వచ్చిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. షరతు ఒకటుంది: ఆ ఫైలు వాళ్లకు మాత్రమే చేరాలి. నలుగురికీ ఉపయోగపడుతుందని యూట్యూబ్‌లోనో, ఊరందరి వాట్సాప్ గ్రూపుల్లోనో పెడితే ఈ మినహాయింపు వర్తించదు. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: ఇప్పుడు ఫోనే చదివేస్తోంది, ఇక మనుషులెందుకు?

సగం నిజం. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మనం టైప్ చేసే పద్ధతిలో, ఉన్న తెలుగును టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్లు, చక్కగా చదువుతాయి. కానీ మన కోచింగ్ మెటీరియల్, పాత పుస్తకాలు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో డీటీపీ చేసినవి. ఆ పీడీఎఫ్ తెరిస్తే స్క్రీన్ రీడర్‌కు కనిపించేది తెలుగు కాదు, అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్కాన్ చేసి ఓసీఆర్ చేస్తే, అంటే ఆ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో టెక్స్ట్‌గా మారిస్తే, ఒత్తులు తప్పుతాయి, రెండు కాలమ్‌ల పేజీ కలగాపులగమవుతుంది. గట్టిగా చదవడం మొహమాటమైతే ఆ ఓసీఆర్ తప్పులు దిద్ది పెట్టండి, అదీ ఇంతే అవసరం. మొదలుపెట్టే ముందు, ఆ పుస్తకం చూపు లేనివారి ఆన్‌లైన్ లైబ్రరీ అయిన సుగమ్య పుస్తకాలయలో ఇప్పటికే ఉందేమో సభ్యత్వం ఉన్న విద్యార్థినే చూడమనండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

రేడియో గొంతు, స్టూడియో అక్కర్లేదు. ఫోను, తలుపేసిన గది చాలు. ఫ్యాన్ ఆపేయండి. కుక్కర్ విజిల్ వస్తే ఆ వాక్యం మళ్లీ చదవండి. నటించి చదవద్దు, సాగదీయద్దు. చాలామంది ఒకటిన్నర, రెండు రెట్ల వేగంతో వింటారు, ఒకే తీరుగా చదివితేనే వాళ్లకు హాయి. కొత్త ఇంగ్లిష్ పదం వస్తే మొదటిసారి స్పెల్లింగ్ చెప్పండి.

కష్టంగా ఉన్నచోట సొంత మాటల్లో చెప్పద్దు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదవండి.

ఆడియో ఉంటే బ్రెయిలీ అక్కర్లేదన్నదీ తప్పే. స్పెల్లింగ్, లెక్కలు వేలికింద తెలిసినట్టు చెవికి తెలియవు.

ఇక ఉత్సాహంలో పుస్తకం మొత్తం ఒప్పుకోకండి. ఒక చాప్టర్ తీసుకుని, ఎప్పటికిస్తారో తేదీ చెప్పండి. ఫైలు పేరులో చాప్టర్, పేజీ నంబర్లు పెట్టండి. ముందు ఒక్క పేజీ చదివి విద్యార్థికి పంపి, సరే అన్నాకే మిగతాది చదవండి. మధ్యలో కుదరదనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, ఏమీ అనుకోం. పరీక్ష లోపల ఇంకొకరితో చదివిస్తాం.