పెట్టె మీద అంకె చూసి కెమెరా కొనకండి: అపోహలు - వాస్తవాలు

కోఠిలో మాది పాత కెమెరాలు కొని, బాగుచేసి, అమ్మే చిన్న షాపు. కొత్త కెమెరా కొన్నవాళ్లకు మాతో పని ఉండకూడదు. కానీ ఈమధ్య వాళ్లే ఎక్కువ వస్తున్నారు. పెట్టెకు కొత్త వాసన ఇంకా పోయి ఉండదు, మెడలో వేసుకునే తాడు ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది. "అన్నా, ఇది 48 మెగాపిక్సెల్. ఫోటోలు మాత్రం మసగ్గా వస్తున్నాయి. లెన్స్ క్లీన్ చేస్తే పోతుందా?" అని అడుగుతారు. పోదు. ఎందుకు పోదో ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. ఎనిమిది వేల నుంచి ముప్పై వేల లోపు బడ్జెట్‌లో, జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా వెతుకుతున్నవాళ్ల కోసం ఇది. లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాల (డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్) సంగతులు ఇందులో లేవు.

అపోహ: మెగాపిక్సెల్ ఎంత ఎక్కువ ఉంటే ఫోటో అంత బాగుంటుంది

జనం డబ్బు ఎక్కువగా తగలబడేది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు లెక్క చూడండి. మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు, అంటే ఫోటోలోని చుక్కలు. ఆల్బంలో పెట్టే 4×6 ప్రింటు శుభ్రంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800×1200 పిక్సెళ్లు చాలు. అంటే 2 మెగాపిక్సెళ్ల పైచిలుకు. గోడకు తగిలించే 8×12 సైజుకు కూడా 9 లోపే. ఇంట్లో 4కే టీవీ ఉంటే, దాని తెర మొత్తం నిండడానికి కావాల్సింది 8.3. వాట్సాప్ అయితే మామూలుగా పంపేటప్పుడే ఫోటోను కుదించేస్తుంది. మరి 48 ఎవరికి కావాలి? పెట్టె అమ్మేవాడికి.

పైగా ఆ 48 నిజం కూడా కాదు. ఈ పేరూ ఊరూ లేని కెమెరాల లోపల ఉండేది చవక ఫోన్లలోనో వెబ్‌క్యామ్‌లలోనో వాడే చిన్న సెన్సార్ (లెన్స్ వెనక వెలుతురును ఫోటోగా మార్చే చిప్). అది 8 మెగాపిక్సెళ్లదే అనుకుందాం. 48 అని చెప్పుకోవాలంటే సాఫ్ట్‌వేర్ ఒక్కో అసలు పిక్సెల్ పక్కన మరో ఐదింటిని ఊహించి అతికించాలి. దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. ఫైలు సైజు పెరుగుతుంది, ఫోటోలో వివరం మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగదు. చారులో నీళ్లు పోసి గిన్నె నిండింది కదా అనుకున్నట్టే.

సెన్సార్‌ను మించిన లోపం లెన్స్‌లో ఉంటుంది. వీటిలో చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు. ఒక దూరానికి ఫ్యాక్టరీలోనే బిగించేసిన ఫిక్స్‌డ్ ఫోకస్ లెన్స్ అది. నాలుగు అడుగుల అవతల నిలబడ్డ మనిషి ఏదో ఒక రకంగా వస్తాడు. దగ్గరి వస్తువు రాదు, ఎంత ప్రయత్నించినా రాదు.

సూర్యాపేట వైపు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతోంది. ఆకుల మీద పురుగులు, తెగుళ్ల మచ్చలు ఫోటో తీసి రికార్డులో పెట్టాలి. దానికోసం ఆయన ఆన్‌లైన్‌లో ఏడు వేలు పెట్టి ఒక 48 మెగాపిక్సెల్ కెమెరా కొనిచ్చారు. ఏ ఆకు తీసినా మసకే. "దీనికి సరిగ్గా పట్టుకోవడం రావట్లేదేమో తమ్ముడూ, ఒకసారి నేర్పించు" అన్నారు. అమ్మాయి తల వంచుకుని "చెయ్యి కదపట్లేదు అంకుల్, ఊపిరి బిగబట్టి మరీ తీస్తున్నా" అంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయింది, ఆ అమ్మాయి మీదా కాదు, తండ్రి మీదా కాదు. పది రూపాయల నోటు తీసి టేబుల్ మీద పెట్టాను. నోటు వెనక భాషల పట్టీలో తెలుగులోనూ 'పది రూపాయలు' అని సన్నగా ఉంటుంది. దాన్ని ముందు ఆ కెమెరాతో, తర్వాత ఆయన పాత ఫోన్‌తో తియ్యమన్నాను. ఫోన్‌లో అక్షరాలు చదవగలిగాం. 48 మెగాపిక్సెళ్లలో అది నోటు అని మాత్రం తెలిసింది. వాపసు గడువు ఇంకా ఉండటంతో వాళ్లు అక్కడే కూర్చుని రిటర్న్ పెట్టేశారు. రికార్డు పని ఆ ఫోన్‌తోనే కానిచ్చేయమన్నాను.

ఇలాంటి కెమెరాను పట్టుకోవడం కష్టమేమీ కాదు. లెన్స్ చుట్టూ ఏం రాసుందో చదవండి. అసలైన కెమెరాకు అక్కడ మిల్లీమీటర్లు, అపర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) ఉంటాయి. ఉదాహరణకు కానన్ ఇక్సస్ 285 మీద 4.5-54.0 మి.మీ., 1:3.6-7.0 అని ఉంటుంది. ఆ చోటులో '4కే', '48 ఎంపీ', 'అల్ట్రా హెచ్‌డీ' అని మాత్రమే ఉంటే కెమెరాను కింద పెట్టేయండి. తర్వాత జూమ్ నొక్కండి. '16ఎక్స్' అని రాసి, లెన్స్ ఉన్నచోట నుంచి కదలకపోతే అది డిజిటల్ జూమ్, అంటే ఫోటో మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీయడం. (పేరున్న కంపెనీల వాటర్‌ప్రూఫ్ మోడళ్లలో కూడా లెన్స్ బయటికి రాదు, అది వేరే సంగతి.) షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్ కోసం వెతుకుతున్నట్టు ఏదైనా కదలిక ఉండాలి. ఫ్లాష్ చోట చిన్న ఎల్ఈడీ బల్బు ఉంటే అది టార్చ్, ఫ్లాష్ కాదు. ఆన్‌లైన్‌లో కొంటుంటే స్పెసిఫికేషన్స్‌లో సెన్సార్ సైజు కోసం చూడండి. మెగాపిక్సెల్ పెద్ద అక్షరాల్లో చెప్పి సెన్సార్ సైజు ఎక్కడా చెప్పలేదంటే దాచిపెట్టారనే అనుకోండి.

"మా ఫోన్ 50 మెగాపిక్సెల్, మీరు అమ్మే కెమెరా 20 కదా అన్నా" అని పిల్లలు అడుగుతారు. ఆ ఫోన్‌లోని 50 నిజమే. కానీ మామూలు మోడ్‌లో అది వెలుతురు ఎక్కువ పట్టడానికి నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తుంది. ఫోన్ తయారుచేసినవాళ్లకు కూడా మెగాపిక్సెల్ కన్నా వెలుతురే ముఖ్యమని తెలుసు.

అసలు ఇన్ని బొమ్మ కెమెరాలు మార్కెట్లోకి ఎందుకొచ్చాయంటే, నిజమైన చవక కాంపాక్ట్‌లు మాయమయ్యాయి కాబట్టి. 2010లో ప్రపంచవ్యాప్తంగా జపాన్ కంపెనీలు 10 కోట్లకు పైగా కాంపాక్ట్‌లు పంపాయి. 2023 నాటికి ఆ సంఖ్య 17 లక్షల దగ్గరికి పడిపోయింది. ఫోన్ల దెబ్బకు పెద్ద కంపెనీలు కింది మోడళ్లను ఒక్కొక్కటిగా ఆపేశాయి. ఇప్పుడు రీల్స్ చూసి పిల్లలు మళ్లీ డిజిటల్ కెమెరా అడుగుతుంటే, ఆ ఖాళీలోకి ఈ బొమ్మ కెమెరాలవాళ్లు దూరారు.

అపోహ: కెమెరా అంటే కెమెరానే, ఫోన్ కన్నా ఎప్పుడూ మేలు

సెన్సార్ సైజు చూడకుండా ఈ మాట అనకూడదు. మామూలు కాంపాక్ట్‌లలో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సార్. కొలిస్తే సుమారు 6.2×4.6 మి.మీ. పాతిక వేల ఫోన్లలో చాలావాటి మెయిన్ కెమెరా సెన్సార్ ఇప్పుడు ఇంతకన్నా పెద్దది. పైగా రాత్రిపూట ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేసి నాయిస్ (ఫోటోలో కనిపించే రవ్వలాంటి చుక్కలు) తగ్గిస్తుంది. అందుకే "ఫంక్షన్ హాల్లో తక్కువ వెలుతురులో బాగా రావాలి" అని 1/2.3 కెమెరా కోసం వచ్చేవాళ్లను నేను వెనక్కి పంపిస్తాను. వాళ్లకు నచ్చదు. అయినా పంపిస్తాను.

మరి చిన్న సెన్సార్ కెమెరా దేనికి పనికొస్తుంది? ఒకటి నిజమైన ఆప్టికల్ జూమ్, అంటే లెన్స్ కదిలి దూరాన్ని దగ్గర చేసేది. కైకలూరు దగ్గర ఆటపాకలో చెట్ల మీద వాలిన గూడబాతులను తియ్యాలంటే ఫోన్ చేతులెత్తేస్తుంది, 30ఎక్స్ కాంపాక్ట్ పట్టుకుంటుంది. రెండోది జినాన్ ఫ్లాష్, అంటే కెమెరాల్లో ఉండే అసలైన, తళుక్కున మెరిసే ఫ్లాష్. రెప్పపాటులో పదో వంతు కూడా వెలగదు కాబట్టి డాన్స్ చేస్తున్న మనిషి కూడా నిలిచిపోయినట్టు వస్తాడు. ఫోన్ ఎల్ఈడీకి అది చేతకాదు. రీల్స్‌లో మీకు నచ్చుతున్న ఆ 'పాత డిజిక్యామ్ లుక్' చాలావరకు ఈ ఫ్లాష్ మహిమే. కాకపోతే అది మూడు మీటర్ల దాకానే పనిచేస్తుంది, స్టేజీ కింద నుంచి పెళ్లికూతురి మీద వేస్తే ముందు వరసలోని తలలే మెరుస్తాయి.

తక్కువ వెలుతురే ముఖ్యమైతే ఒక అంగుళం సెన్సార్ వైపు వెళ్లండి. పేరుకు అంగుళమే గానీ కొలత 13.2×8.8 మి.మీ. అయినా వైశాల్యం 1/2.3 దానికి నాలుగు రెట్లు. సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 2012లో వచ్చింది. 20.2 మెగాపిక్సెల్, వెలుతురు బాగా లోపలికి వదిలే ఎఫ్ 1.8 లెన్స్. వైఫై లేదు, టచ్ లేదు. కానీ దాని ఎన్‌పీ-బీఎక్స్1 బ్యాటరీనే తర్వాతి ఆర్ఎక్స్100 మోడళ్లన్నిటిలోనూ వాడారు కాబట్టి ఈరోజుకీ దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్‌లో మంచి పీసు మీ బడ్జెట్‌లో దొరికితే ఏ కొత్త చిన్న సెన్సార్ కెమెరా వైపూ చూడకండి. కానన్ జీ7 ఎక్స్ కూడా ఈ జాతిదే, కానీ దాని పేరు రీల్స్‌లో మోగిపోయి పాతవాటి ధర కూడా అర్థం లేకుండా పెరిగింది.

అపోహ: సీసీడీ సెన్సార్ ఉన్న పాత కెమెరాకే ఫిల్మ్ రంగులు వస్తాయి

సీసీడీ అనేది పాత డిజిటల్ కెమెరాల్లో ఎక్కువగా వాడిన ఒక సెన్సార్ రకం. కానీ రంగు సెన్సార్ రకాన్ని బట్టి మాత్రమే రాదు. సెన్సార్ ముందుండే రంగుల ఫిల్టర్, లోపలి ప్రాసెసింగ్, లెన్స్, ఫ్లాష్ అన్నీ కలిస్తే వస్తుంది. 'సీసీడీ' అనే మూడక్షరాలకు నాలుగైదు వేలు అదనంగా ఇవ్వకండి. ఒకప్పుడు తూకానికి వేసినవాటిని ఇప్పుడు పదివేలు చెబుతున్నవాళ్లున్నారు.

పాతది కొనడం తప్పని కాదు, నా వ్యాపారమే అది. కానీ చూసి కొనండి. లెన్స్ అయిదారుసార్లు బయటికి, లోపలికి పంపండి. ఎక్కడైనా తటపటాయిస్తే లోపల ఇసుకో దుమ్మో చేరింది, 'లెన్స్ ఎర్రర్' రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. విశాఖ బీచ్‌కు తీసుకెళ్లొచ్చిన కెమెరాలకు మా షాపులో ఇదే జబ్బు. పూర్తిగా జూమ్ చేసి తెల్లగోడను తీసి చూడండి, నల్ల మచ్చలుంటే సెన్సార్ మీద దుమ్ము ఉంది, మొత్తం విప్పితే గానీ పోదు. లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి, సాలెగూడు లాంటి గీతలుంటే అది ఫంగస్. కోస్తా తేమలో బీరువాలో పడేసిన కెమెరాలకు బాగా పడుతుంది. బ్యాటరీ ఉబ్బి గూటిలోంచి రాకపోతే కొనొద్దు. ఇంకొకటి, 2006కు ముందు తయారైనవి చాలావరకు 2 జీబీ దాటిన మెమరీ కార్డును గుర్తించవు. పాత ఒలింపస్, ఫ్యూజీ కొన్నింటికి ఎక్స్‌డీ అనే పాత రకం మెమరీ కార్డు కావాలి, అది వెతకడం మళ్లీ ఒక ఉద్యోగం.

యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పకండి. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు.

మిగతావి గబగబా

'30ఎక్స్ కన్నా 40ఎక్స్ మంచిది': ఎక్స్ అంటే లెన్స్ పెద్ద ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద మిల్లీమీటర్లలో ఉండేది) చిన్నదానితో భాగిస్తే వచ్చేది, అంతే. స్పెసిఫికేషన్స్‌లో '35 మి.మీ. సమానం' అని ఇచ్చే లెక్కలో అంకె చిన్నదైతే ఫోటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది, కాబట్టి ఇంట్లో తీసేవాళ్లకు 24తో మొదలయ్యే 5ఎక్స్, 28తో మొదలయ్యే 8ఎక్స్ కన్నా ఉపయోగం.

'కోడాక్ మళ్లీ వచ్చింది': పాత కోడాక్ 2012లోనే డిజిటల్ కెమెరాలు ఆపేసింది. పిక్స్‌ప్రో కెమెరాలు ఆ పేరును లైసెన్స్ మీద వాడుకుంటున్న జేకే ఇమేజింగ్‌వి. ఎఫ్‌జెడ్55 లాంటిది పగటి వెలుతురుకు ఫరవాలేదు, నిజమైన 5ఎక్స్ జూమ్ ఉంది. బొమ్మ కెమెరాతో పోలిస్తే వెయ్యి రెట్లు నయం. పాత కోడాక్ రంగులు మాత్రం ఆశించకండి.

'నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టాలి': బ్యాటరీ తీసి వెంటనే రిపేర్‌కు తీసుకెళ్లండి. సముద్రపు నీరైతే గంటలు కూడా ఆగొద్దు. బియ్యం అన్నం వండుకోండి.

'గ్రే మార్కెట్లో అదే కెమెరా తక్కువకు వస్తుంది': వస్తుంది. కానీ అది కంపెనీ అధికారిక డీలర్ల ద్వారా కాకుండా బయటి దారిలో వచ్చిన సరుకు, దానికి సాధారణంగా ఇండియా వారంటీ ఉండదు. కాంపాక్ట్‌లో లెన్స్ యూనిట్ పోతే రిపేర్ ఖర్చు కెమెరా ధరలో సగం దాకా పోవచ్చు, మీరు మిగుల్చుకున్న రెండు మూడు వేలు ఏ మూలకూ రావు. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు అడగండి, సీరియల్ నంబర్ దాని మీద రాయించండి. కెమెరా అడుగున ఉన్న నంబరు, పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటే ఉండాలి. డబ్బు కట్టకముందే సరిచూసుకోండి.