బొమ్మను తిరగేసి చూడండి

బొమ్మల ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లే ముందురోజు, ఇంట్లో ఏ మూలో పడున్న ప్లాస్టిక్ కారు ఒకటి తీసి తిరగేయండి. పైన నున్నగా మెరిసే బొమ్మ అడుగున గజిబిజిగా ఉంటుంది. లోపలంతా డొల్ల, అడ్డంగా నిలువుగా సన్నటి గోడలు, అక్కడక్కడా చిన్న గుండ్రటి ముద్రలు, ఒకచోట ఏదో తుంచేసినట్టు గరుకు మచ్చ, అంచు వెంబడి వేలితో తడిమితే తగిలే సన్నటి గీత. ఇవన్నీ ఎందుకున్నాయో అనే ప్రశ్న లేకుండా వెళ్తే రంగులూ ప్యాకింగూ చూసి వచ్చేస్తాం. అందుకే ఆ కారును కూడా బ్యాగులో వేసుకుని వెళ్లమంటాను.

అక్కడ ఎక్కువసేపు నిలబడాల్సింది ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రం దగ్గర, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను రెండు ముక్కల లోహపు అచ్చులోకి నెట్టే యంత్రం. సూత్రం పాతదే, 1872లో అమెరికాలో హయత్ సోదరులు సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ కోసం దీనికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటిది పెద్ద సిరంజి లాంటిది. ఇప్పటి యంత్రంలో పైనున్న గరాటులోంచి బియ్యపు గింజలంత ప్లాస్టిక్ గింజలు కిందికి జారి, పొడవాటి ఉక్కు గొట్టంలో తిరిగే మర (స్క్రూ)లో పడతాయి. గొట్టం చుట్టూ హీటర్లు ఉంటాయి కానీ కరిగే వేడిలో పెద్ద భాగం మర తిరిగేటప్పుడు పుట్టే రాపిడి వల్లే వస్తుంది, చలికి అరచేతులు రుద్దుకున్నట్టే. గట్టి బొమ్మలకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే దాదాపు 230 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది.

కరిగింది కదా అని అది నీళ్లలా పారదు, తేనె కన్నా చాలా చిక్కగా ఉంటుంది. మరి అంత చిక్కటిది వెంట్రుక మందం వివరాల్లోకి కూడా ఎలా దూరుతుంది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది ఇదే. ప్లాస్టిక్ అణువులు పొడవాటి గొలుసులు, మామూలుగా చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటాయి. వేగంగా నెట్టేసరికి, దువ్వెన పెట్టిన జుట్టులా ఆ గొలుసులు పారే దిశలోకి సర్దుకుంటాయి, ద్రవం పలచబడుతుంది. అంటే ఎంత వేగంగా నెడితే అంత సులువుగా పారుతుందన్నమాట. నీళ్లకు ఈ గుణం లేదు.

ఆ నెట్టుడు కూడా మామూలుది కాదు. అచ్చు లోపల ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 300 కిలోల ఒత్తిడి ఉందనుకుందాం, అరచేయంత బొమ్మకు, అంటే ఓ 100 చదరపు సెంటీమీటర్లకు, అది 30 టన్నులవుతుంది. అచ్చు రెండు ముక్కలనూ అంతకన్నా ఎక్కువ బలంతో నొక్కి పట్టకపోతే సందులోంచి ప్లాస్టిక్ బయటికి కారుతుంది. మీ కారు అంచున తగిలే గీత ఆ రెండు ముక్కలూ కలిసిన చోటు. గరుకు మచ్చ ప్లాస్టిక్ లోపలికి వచ్చిన ద్వారం, దాన్ని గేటు అంటారు. గుండ్రటి ముద్రలు బొమ్మను అచ్చులోంచి బయటికి తోసిన పిన్నులవి.

ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. అచ్చు మూసుకుని తెరుచుకునే సమయంలో సగానికి పైగా యంత్రం ఊరికే ఆగినట్టు కనిపిస్తుంది. అప్పుడు అచ్చు లోపలి కాలువల్లో నీళ్లు తిరుగుతూ ప్లాస్టిక్‌ను చల్లారుస్తుంటాయి. ప్లాస్టిక్ వేడిని మెల్లగా వదులుతుంది, పైగా చల్లారే సమయం మందానికి వర్గంలో పెరుగుతుంది, 2 మిల్లీమీటర్ల గోడను 4 చేస్తే సమయం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కారు అడుగు డొల్లగా ఉండి సన్నటి గోడలతో నిలబడటానికి కారణం అదే. ప్లాస్టిక్ పొదుపు కోసమే అని చాలామంది అనుకుంటారు, అదీ నిజమే, కానీ మందంగా పోస్తే మధ్యలో ఆలస్యంగా చల్లారి కుంచించుకుపోయి పైన గుంట పడుతుంది కూడా.

ఈ కుంచించుకుపోవడం అచ్చు చేసేవాళ్లకు రోజూ ఉండే తలనొప్పి. ఏబీఎస్ చల్లారేసరికి సుమారు అర శాతం తగ్గుతుంది కాబట్టి అచ్చును ఆ మేరకు పెద్దదిగా కోయాలి. ఒకదానికొకటి అతికించి ఆడుకునే లెగో ప్లాస్టిక్ ఇటుకల మీద బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, అందులో అర శాతం అంటే 0.04 మిల్లీమీటర్లు. అంత తేడా వచ్చినా పట్టు వదులైపోవచ్చు, లేదా ఊడదీయలేనంత బిగుసుకోవచ్చు. 1958 నాటి ఇటుక ఈనాటి ఇటుకకు అతుక్కుంటుందంటే ఆ లెక్కను అంత శ్రద్ధగా కాపాడుతున్నారన్నమాట.

మెత్తటి బొమ్మ తలకాయల పద్ధతి వేరు. పీవీసీ పొడిని నూనెలాంటి ద్రవంలో కలిపిన చిక్కటి ముద్దను డొల్ల లోహపు అచ్చులో పోసి, వేడిలో తిప్పుతారు. లోపలి గోడకు పొరలా పట్టి గట్టిపడుతుంది. దాన్ని ఎలా తీస్తారో చూడాలి! ఇంకా వేడిగా, మెత్తగా ఉన్నప్పుడే మెడ దగ్గరి చిన్న రంధ్రంలోంచి పటకారుతో పట్టి లాగుతారు, ముక్కూ బుగ్గలూ నలిగి సాగి బయటికొచ్చి, మళ్లీ టక్కున ముఖంలా విచ్చుకుంటాయి.

చివరికి పరీక్షల గది. సందర్శనల్లో దీన్ని వదిలేస్తుంటారు, మీరు అడిగి మరీ చూడండి. బల్ల మీద ఒక చిన్న గొట్టం ఉంటుంది, లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉండి లోతు 25.4 నుంచి 57.1 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అది కొలత. ఆ వయసు పిల్లల బొమ్మలో ఏ ముక్కయినా, విరిగి ఊడిందైనా సరే, నొక్కకుండా అందులో పూర్తిగా పట్టేస్తే ఆ బొమ్మ తప్పినట్టే. బొమ్మను కింద పడేస్తారు, మెలితిప్పుతారు, లాగుతారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 71 ప్రకారం 6 మిల్లీమీటర్ల కన్నా పెద్ద భాగాన్ని 90 న్యూటన్లతో, అంటే తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగాలి.

చక్రం ఊడి గొట్టంలో పడిందనుకోండి. ఇరుసును లావు చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ లావు చేస్తే చల్లారే సమయం పెరుగుతుంది, పైన గుంట పడుతుంది. అందుకని ఇరుసు మొదట్లో మూలను కాస్త గుండ్రంగా మలిచి, పక్కన ఇంకో సన్నటి గోడ చేర్చి, అచ్చును మళ్లీ కోస్తారు. మీ బ్యాగులో ఉన్న కారును ఇంకోసారి తిరగేసి, చక్రం పక్కన ఆ గోడ ఉందేమో చూడండి.